మామిడి తాండ్ర మీద ఎల్‌ఈడీ వెలుగు

కొవ్వూరుకు కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఇంజనీరింగ్ చదివాను కదా, అత్తగారింట్లో ఏ స్విచ్చి చూసినా సరిచేయాలనిపించేది. (ఇప్పుడు పాప ఒక్కసారి తుమ్మితే చాలు, ఆ ధైర్యమంతా ఎటు పోతుందో!) ఆ వేసవిలో మా ఆడపడుచు వేవిళ్లతో ఏదీ సహించక, "అమ్మ చేసే మామిడి తాండ్ర ఒక్కటే తినాలనుంది వదినా" అని ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. అత్తగారు వెంటనే రసం తీసి, బెల్లం కలిపి, చాప మీద పొర మీద పొర పోస్తూ ఎండబెట్టారు. చివరి పొరలు పోశాక గాలివాన పట్టుకుంది. చాపను వెనక వసారాలోకి మార్చి, గోడకున్న పాత హాలోజన్ లైటును దాని మీదికి వంచారు. మర్నాడు పాలకొల్లులో పెళ్లికి వెళ్తూ, "లైటు మాత్రం ఆర్పకమ్మా" అన్నారు.

పిల్లి రాకుండా కాబోలు అనుకున్నాను. పగలు కూడా అది భగభగా వెలుగుతుంటే నా చదువు ఊరుకోలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, దాన్ని తీసేయించి అతనికే ఇచ్చేసి, ఎల్‌ఈడీ పెట్టించాను. మావయ్యగారు కింద చెయ్యి పెట్టి చూశారు.

"ఏంటమ్మాయ్, సెగే తగలట్లేదు?"

"అదే కదండీ గొప్ప! హాలోజన్ కరెంటులో చాలా భాగాన్ని వేడికే తగలేస్తుంది. ఇది కొంచెం కరెంటుతోనే అంత వెలుగూ ఇస్తుంది. ఎన్నో రెట్లు మన్నుతుంది కూడా. రేపు మీ మనవలు దీని కిందే ఆడుకుంటారు చూడండి."

"ముందు మీ అత్తయ్యను రానీ."

నాలుగు రోజులకు, వాన తగ్గకముందే అత్తగారు తిరిగొచ్చారు. తాండ్ర మీద తెల్లగా బూజు. ఆవిడ చాపను చూశారు, లైటును చూశారు, చివరికి నన్ను చూశారు.

"లైటు ఆర్పలేదండీ" అన్నాను.

"ఆర్పలేదమ్మా, కనిపిస్తోందిగా. సెగ ఆర్పేశావు."

చాపను చుట్టి పెరట్లోకి తీసుకెళ్లిపోయారు. (నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది.) ఆ గాలివానకు కాయంతా రాలిపోవడంతో ఆడపడుచుకు కొట్లో కొన్న తాండ్రే పంపాం. "బాగానే ఉంది వదినా" అంది. ఆ 'బాగానే' నాకు ఇంకా వినిపిస్తుంది.

అత్తగారు మళ్లీ తాండ్ర జోలికి పోలేదు. "ఆ లైటు లేకుండా నాకు ధైర్యం చాలదమ్మా" అంటారు. అలాంటిది మళ్లీ కొందామని వెళ్తే, "ఇప్పుడెవరు వాడుతున్నారండి అవి? ఎల్‌ఈడీ తీసుకెళ్లండి, ఎన్నాళ్లయినా మాడదు" అని షాపతను నాకే పాఠం చెప్పాడు.

నానమ్మ చేతి తాండ్ర రుచి తెలియని మా పాప ఆ వసారాలోనే ఆడుకుంటోంది. అక్కడి ఎల్‌ఈడీ మాడిపోతేనైనా ఎక్కడో వెతికి ఆ పాతరకం లైటే తగిలిద్దామని రోజూ ఆశగా తలెత్తి చూస్తాను. ఆనాడు మావయ్యగారికి నేనిచ్చిన మాట నిలబెడుతూ, చల్లగా వెలుగుతూనే ఉంటుంది.