అల్లుడికి ముందు వడ్డించిన హీలర్

ఆ రోజుల్లో బెంగాల్లోని మా తెలుగోళ్ళ పేట ఖరిదాలో ఆడపిల్ల ఆదివారం బయటికి రావాలంటే చేతిలో కూరల సంచైనా ఉండాలి, పక్కన అన్నయ్యైనా ఉండాలి. నాకు రెండూ ఉండేవి, అంచేత నా అంత అదృష్టవంతురాలు లేదనుకునేదాన్ని. ఎనిమిదో క్లాసుతో బడి మానిపించేసినారు, ఆరు రోజులూ పొయ్యి దగ్గరే. ఏడో రోజు మాత్రం గోల్‌బజార్‌లో చేపలు కొనీసి, ఆ సందులోనే ఉన్న కంప్యూటర్ల కొట్లో మూడు కుర్చీలు పట్టుకుని అన్నయ్యా, నేనూ, కొత్తగా మా అక్కని చేసుకున్న బావా ఆన్‌లైన్ ఆట ఆడేవాళ్ళం. (చేపల సంచి బల్ల కింద. కొట్టు నడిపే దాదా ముక్కు మూసుకునేవాడు గానీ, బెంగాలీ మనిషి కదా, ఏం చేపని మాత్రం అడక్కుండా ఉండేవాడు కాదు.)

ఆటలో ఒక గుహ, గుహలో ఒక రాకాసి. అన్నయ్య డాలు పట్టుకుని ముందు నిలబడి దెబ్బలు తింటాడు. బావ దూరం నుంచి బాణాలేస్తాడు. నేను హీలర్‌ని, అంటే మంత్రమేసి అందరికీ ప్రాణం పోసేదాన్ని. ఒక్కొక్కరి పేరు పక్కన పచ్చ గీత ఉంటుంది. దెబ్బ తగిలితే తరుగుతుంది, నేను నింపాలి. ఓస్, వడ్డనే కదా అనుకున్నాను. మా ఇంట్లో ముందు అల్లుడికి, తరవాత మగపిల్లలకి, మిగిలింది వండినమ్మకి. ఆటలోనూ అలాగే చేసినాను. బావ గీత నిండుగా ఉన్నా మర్యాదకి ముందు ఆయనకో మంత్రం, అప్పుడు అన్నయ్యకి. నాకు వేసుకోడం అన్న మాటే తోచలేదు. వరసగా మూడు ఆదివారాలు ముగ్గురం చచ్చినాం. "ఏటే, కడుపు నిండినోడికి మళ్ళీ వడ్డిస్తావేటే? ఇక్కడ నేను సస్తన్నాను!" అని అన్నయ్య అరుపు. "కొత్తల్లుడు కదా, ముందు పెట్టకపోతే అక్క ఏటనుకుంటాది?" అన్నాను. బావ ముసిముసిగా నవ్వి, "మా మరదలు మర్యాద తెలిసిన పిల్ల, నువ్వూరుకోవోయ్" అన్నాడు. అన్నయ్యకి ఇంకా మండింది. "వచ్చే ఆదివారం కూడా ఓడితే ఆ కుర్చీ మా రైల్వే వర్క్‌షాప్ ఫ్రెండుకి. నువ్వింట్లో చేపలు తోముకో!"

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. గురువారం పొయ్యి మీద పప్పు, పులుసు, వేపుడు మూడూ ఒక్కసారే ఉడుకుతున్నాయి. వేపుడు మాడబోతుంటే చెయ్యి దానంతటదే అటు పోయింది. అంతే, గరిట పట్టుకుని ఎగిరి గంతేసినాను! ఏ గిన్నె మాడిపోతోందో దానికే ముందు గరిట. మనిషెవరని చూడకూడదు, గీత చూడాలి. ఉన్న మంత్రాలన్నీ ముందే ఒంపెయ్యకూడదు. (హీలర్ ఆడేవాళ్ళెవరైనా చదువుతుంటే రాసుకోండి.)

ఆదివారం రానే వచ్చింది. "మరదలా, నాకో చుక్క!" అన్నాడు బావ, అలవాటు కొద్దీ. "ఆగండి బావా, మీకేటీ అవలేదు!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. అన్నయ్య గీత తరగడం, నేను నింపడం, రాకాసి సగం అయిపోవడం! అంతలో అది నా మీద నిప్పు ఊసింది. నా గీతా దారప్పోగే, అన్నయ్యదీ దారప్పోగే, నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క మంత్రం. వేలు అన్నయ్య పేరు మీదికి పోతోంది. వెనక నుంచి కొట్టు దాదా, "దీదీ, తుమ్ గయీ తో సబ్ గయా!" అని కేకేసినాడు. నేను పోతే అందరూ పోయినట్టేనట. కళ్ళు మూసుకుని నాకే వేసుకున్నాను. అన్నయ్య కూలిపోయినాడు. రాకాసి బావ మీద పడింది, నా మంత్రబలం మెల్లగా తిరిగొచ్చింది, ఆయనకి నింపినాను, ఆయన బాణమేసినాడు, అది దభీమని పడింది! కొట్టంతా ఈలలు. చచ్చినోళ్ళని లేపే మంత్రం రాకాసి పడ్డాకే పని చేస్తాది, అప్పుడది వేసి అన్నయ్యని లేపినాను. నా వైపు చూడకుండానే, "సర్లే, కుర్చీ నీదే" అన్నాడు.

పెళ్ళయ్యేదాకా నాదే. నాకు జ్ఞాపకం గట్టిదంటారు. అక్క పెళ్ళికి ఎవరే చీర కట్టినారో ఇప్పటికీ చెప్పగలను. కానీ "ముందు నాకు" అని ఆ తరవాత ఇంకెప్పుడైనా అనుకున్నానా అని వెతికితే ఒక్కటీ దొరకదు. ఆ కుర్చీలో కూచున్న పిల్లని తలచుకుంటే నవ్వొస్తాది. ఎంత ధైర్యం దానికి!