అనుబంధ జాబితాలో ఆఖరి పేజీ

ఓటర్ల జాబితా చదువుతుంటే నాకు మగతలాంటిదేదో కమ్ముకుంటుంది. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, వయసు. ఆ గళ్ళలోంచి ఊరు ఊరంతా మెల్లగా నడిచిపోతున్నట్టు ఉంటుంది. వలస పోయినవాళ్ళు అందులో ఇంకా తమ ఇళ్ళలోనే ఉంటారు. చనిపోయినవాళ్ళకు ఏడాదికో ఏడు చొప్పున వయసు పెరుగుతూనే ఉంటుంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. పొలం కొలతలైనా, చెరువు పూడిక మట్టి ఎన్ని ట్రాక్టర్లవుతుందో అయినా మా ఊళ్ళో నన్నే అడుగుతారు. ఎన్నికలొస్తే జాబితాలో పేరు వెతికి, వార్డూ వరుస సంఖ్యా చీటీ మీద రాసివ్వడం కూడా నా పనే. మాది బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు.

ఆ సర్పంచి ఎన్నికలు మిరప కళ్ళాల రోజుల్లో వచ్చాయి. గాలి నిండా ఘాటు, కళ్ళ ముందు ఎర్రటి మసక. పక్కింటామె వచ్చింది, నాకు చెల్లెలి వరస. ఆమె కూతురికి కొత్తగా ఓటొచ్చింది.

"అన్నయ్యా, పిల్లకి చీటీ రాసియ్యి."

"పేరేందమ్మా?"

"అదే, మా అత్త పేరు."

"చెప్తే గదా రాసేది."

"నా నోటితో చెప్పిస్తావా ఏంది? నీకు తెలవదా!"

అత్త పేరు కోడలు పలకదు. ఆ పేరే మనవరాలికి పెట్టడంతో, కన్నకూతుర్ని కూడా ఆమె ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. "అమ్మాయ్" అంటుంది, అంతే. నేను నవ్వుకుంటూ జాబితా తిప్పాను. పేరు దొరికింది. ఇంటి నంబరు కలిసింది. సంఖ్య రాసిచ్చేశాను. పక్కనే ఉన్న వయసు గడి వైపు నా కన్ను పోలేదు.

ఆ వరుసలో ఉన్నది నాయనమ్మ. పోయి రెండేళ్ళయింది, పేరు మాత్రం ఎవరూ తీయించలేదు. పిల్ల పేరు కొత్తగా చేర్చినవాళ్ళ అనుబంధ జాబితాలో, ఆఖరి పేజీలో ఉంది.

బడిలో పెట్టిన పోలింగు గదిలో సిబ్బంది పేరు చదివారు, ఆధార్ చూశారు. జాబితాలోని ఫొటో మసిపూసినట్టు ఉంటుంది, పిల్లదేమో అచ్చం నాయనమ్మ ముఖమే. వేలికి సిరా పెట్టారు, ఓటు వేసి వచ్చేసింది. ఆమె బయటికొచ్చాక ఒక ఏజెంటుకు తట్టింది, ఆ ముసలామె లేదు గదా అని. అతని తరఫు అభ్యర్థి పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. పిల్ల మీద దొంగ ఓటు కేసు పెట్టించారు.

టీ బంకు దగ్గర ఆ ఏజెంటు అందరికీ వినిపించేట్టు అన్నాడు. "చచ్చినోళ్ళు లేచొచ్చి ఓట్లేస్తంటే మేమెట్టా గెలుస్తామయ్యా? ఈ ఒక్కదానికి శిక్ష పడనీయ్, మిగతా పదీ బయటికొస్తయ్యి."

"శిక్ష పడినా తేడా పది ఉంటది బాబాయ్," అన్నాను. "అది కూడా ఆ ఓటు అవతలోళ్ళకు పడుంటేనే. మీకే పడిందేమో, ఎవరికి తెలుసు?"

"ఏందిరోయ్, లెక్కలోడు లా పాయింటు తీస్తన్నాడు!"

అందరూ నవ్వారు. ఆ చీటీ నేనే రాశానన్న మాట మాత్రం నా గొంతు దాటి రాలేదు.

మళ్ళీ కళ్ళాలు ఎరుపెక్కేసరికి కేసు వినుకొండ కోర్టులో వాయిదాకొచ్చింది. నేరం ఒప్పుకుంటే చిన్న జరిమానాతో పోద్దని వాళ్ళ వకీలు చెప్పాడు. తల్లి ఊపిరి పీల్చుకుంది. నా పేరు బయటికి రాదు కదా అని నేనూ పీల్చుకున్నాను. కానీ తోచక ఎన్నికల నిబంధనల పుస్తకం ఒకటి తెచ్చి చదువుతుంటే, ఇలాంటి నేరం రుజువైనవాళ్ళకు ఆరేళ్ళు ఓటు ఉండదని కనిపించింది.

ఆ రాత వెంట నా ఆలోచన చాలా దూరం పోయింది. పెట్టెలో పడి కలిసిపోయిన ఓటును ఏ తీర్పూ వెతికి వెనక్కి తీయలేదు. అది తీసేసేది రాబోయే ఓట్లను. శిక్ష పడిన దొంగ ఓట్లను లెక్కపెట్టవచ్చు. పట్టుబడనివి ఎన్నో ఏ గడిలోనూ ఉండవు. పదకొండు ఓట్ల తేడా పక్కన ఆ ఒక్క ఓటు పెట్టి చూస్తే ఎన్నిక కదలలేదు. పిల్ల పక్కన పెట్టి చూస్తే చాలా కదిలింది.

వాయిదా రోజు వాళ్ళతోపాటు నేనూ బస్సెక్కాను. దూరాన వినుకొండ కొండ ఎండలో నీళ్ళ కింద ఉన్నట్టు కదులుతోంది. పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఆరేళ్ళ సంగతి చెప్పాను.

"ఎన్ని ఓట్లు పోతయ్యి మావయ్యా?"

వేళ్ళు మడిచాను. ఎమ్మెల్యే, ఎంపీ, సర్పంచి, వార్డు, ఎంపీటీసీ, జెడ్పీటీసీ. "ఎంత తక్కువేసినా ఆరు."

ఆమె మడిచిన నా వేళ్ళ వైపు చూసింది. తర్వాత, "నా ఓటు నేనింకా వెయ్యనేలేదు గదా," అంది. నిజమే. ఆఖరి పేజీలో ఆమె వరుస మీద ఆ రోజు ఎవరూ ఓటేసినట్టు గీత గీయలేదు.

"ఆ చీటీ నేను రాసిందని చెప్తానమ్మాయ్," అన్నాను. తల్లి వెనక సీటులోంచి నా భుజం మీద ఒకటి కొట్టింది. "ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావన్నయ్యా!"

కోర్టులో అడిగినప్పుడు పిల్ల, "ఒప్పుకోనండి," అంది. వకీలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. సాక్షి ఎవరని తర్వాత ఆయనే అడిగితే నేను ముందుకొచ్చాను. మరో వాయిదాలో బోనెక్కి, పేరూ ఇంటి నంబరూ చూసి వయసు చూడకుండా రాశానని చెప్పాను. లెక్కలు తెలిసిన మనిషివి వయసు చూడలేదా అని అవతలి వకీలు మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ చూడలేదనే చెప్పాను.

కేసు ఇంకా నడుస్తోంది. తీర్పు రాలేదు కనక పేరు జాబితాలోంచి పోలేదు. ఈలోగా ఎమ్మెల్యే ఎన్నికలు వచ్చాయి. ఎప్పటిలా అరుగు మీద కూర్చుని చీటీలు రాస్తున్నాను. పిల్ల వచ్చి నా చేతిలోని జాబితా తీసుకుంది. పేరు మీదా, తండ్రి పేరు మీదా, వయసు మీదా వేలు పెట్టి చూసుకుంది. నంబరు తనే అరచేతిలో రాసుకుని బడి వైపు వెళ్ళింది.