పైలోకంలో పిల్లలు పెరుగుతారా?

మా పిన్నికి పుస్తకాల్లో మనుషులకీ వీధిలో మనుషులకీ తేడా లేదు. ఉందని ఎవరైనా చెప్పబోతే, పాపం వీళ్ళకేదో అయిందన్నట్టు జాలిగా చూస్తుంది.

నా చిన్నప్పుడు ఒకసారి ఆవిడకి నేనే కథ చెప్పాను. రాజకుమారుడు గుర్రమెక్కి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఆగకుండా ప్రయాణం చేశాడన్నాను.

"గుర్రానికి నీళ్ళెవరు పెట్టారే?" అంది పిన్ని.

"అది కథ పిన్నీ."

"కథైతే మాత్రం గుర్రానికి దాహం వెయ్యదా?"

ఆనాటి నుంచి మా ఇంట్లో ఏ కథ చెప్పినా మధ్యలో గుర్రాన్ని ఆపాల్సిందే. దానికి నీళ్ళు పెట్టి, గడ్డి వేసి, కాసేపు పడుకోబెట్టి మళ్ళీ బయల్దేరేసరికి రాకుమారికి ఇంకెవరితోనో పెళ్ళయిపోయేది. మా రాజకుమారులంతా బ్రహ్మచారులుగానే మిగిలిపోయారు.

పిన్నిది దర్జీ పని. వాళ్ళ ముందుగదిలో ఒక మూల ఆవిడ కుట్టుమిషను, ఇంకో మూల బాబాయి గడియారాలు బాగుచేసే బల్ల. పక్క బడి పిల్లల యూనిఫాంలన్నీ పిన్నే కుడుతుంది. పిల్లల బట్టలకి లోపల గుడ్డ ధారాళంగా వదలాలన్నది ఆవిడ పట్టుదల. "పిల్లలకి కుట్టేది ఇవాళ్టి కొలతకి కాదే, వచ్చే ఏటి కొలతకి" అంటుంది. ఆవిడ కుట్టిన స్కర్టు అంచు విప్పితే లోపల ఇంకో స్కర్టుకి సరిపడా గుడ్డ ఉంటుందని బాబాయి వేళాకోళం చేస్తుంటాడు.

ఒకసారి ఏదో డిటెక్టివ్ నవల చదివింది. అందులో హీరోగారి కోటు మొదట్లోనే మోచేతి దగ్గర చిరిగింది. రచయిత ఆ సంగతి మరిచిపోయి, ఆఖర్లో అతన్ని అదే కోటుతో పెద్దింటి విందుకి పంపేశాడు. పిన్ని ప్రాణం ఒప్పుకోలేదు. మిగిలిపోయిన గుడ్డతో నల్లకోటు ఒకటి కుట్టి కొక్కేనికి తగిలించింది. ఎవరో చూసి ముచ్చటపడి బేరమాడారు.

"అమ్మేది కాదండీ, అది ఒకరిది" అంది పిన్ని.

"ఎప్పుడు తీసుకెళ్తారో వాళ్ళు?"

"ఆయనకి తీరికేదీ! హంతకుణ్ణి వెతుక్కుంటున్నాడు."

వచ్చినాయన తన పంట్లాం కొలత కూడా ఇవ్వకుండా వెళ్ళిపోయాడు.

ఇంకోసారి భోజనం దగ్గర నిట్టూర్చి, "పాపం, ఆవిడ ఇంకా స్టేషన్లోనే కూర్చుంది" అంది.

"ఎవరు, మీ అక్కా?" అని బాబాయి ముద్ద వదిలేసి లేచి నిలబడ్డాడు. మా అమ్మ ఆ రోజు ఊరి నుంచి రావలసి ఉంది.

"మా అక్కయితే ఆటో ఎక్కి వచ్చెయ్యదూ? నిన్న నేను పుస్తకం మూసేసరికి అందులో అమ్మాయి స్టేషన్లో ఉంది."

"అయితే తెరిచి ఇంటికి పంపించెయ్యవే తల్లీ, నేను భోంచేస్తాను."

"మీ పిన్ని నవల మొదలుపెట్టిందంటే ఇంట్లో ఒక మనిషి పెరిగినట్టే అమ్మాయ్. తిండి ఖర్చు లేదు గానీ దిగులు ఖర్చంతా నాదే" అని బాబాయి నాతో వాపోతుంటాడు.

ఇలాంటి పిన్ని ఉండి కూడా నేను నవలలు రాయడం మొదలుపెట్టాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పైగా పోయినేడు నేను రాసింది చచ్చిపోయిన పిల్ల కథ. పదహారేళ్ళ అమ్మాయి మొదటి అధ్యాయంలోనే పోయి, పైలోకంలో కొత్త బడిలో చేరుతుంది. ఆ లోకానికి ఒకటే నియమం: అక్కడ ఎవరూ పెరగరు. ఆరేళ్ళకి వెళ్ళినవాడు ఆరేళ్ళ దగ్గరే, అరవైకి వెళ్ళినావిడ అరవై దగ్గరే ఆగిపోతారు. ఈ ఆలోచన తట్టిన రోజున నా భుజం నేనే తట్టుకున్నాను.

పుస్తకం వచ్చింది. ఎదిగే వయసు పిల్లల కోసం రాశాను గానీ, అన్ని వయసులవాళ్ళూ చదివి తలో మాటా అన్నారు. ఒక కాలేజీ అమ్మాయి మూడుసార్లు ఏడ్చానని ఫోన్ చేసి, నాలుగోసారి ఫోన్లోనే ఏడ్చింది. ఒక కుర్రాడు, "చచ్చాక కూడా లెక్కల పరీక్షేనా అండీ? ఇంక చచ్చి లాభమేంటి?" అని నిలదీశాడు. ఒక హెడ్మాస్టరుగారు ఇలాంటివి పిల్లల చేతికి ఇవ్వకూడదని ఘాటుగా చివాట్లు పెట్టి, రెండో భాగం ఎప్పుడొస్తుందని మెల్లగా అడిగారు. మా అమ్మయితే "బంగారంలాంటి పిల్లని పొట్టన పెట్టుకున్నావు, ఎవరి ఉసురు పోసుకుంటావే" అని నాతో మాట్లాడడం మానేసింది. అందరూ మెచ్చుకున్నది మాత్రం ఆ నియమాన్నే.

పిన్ని పుస్తకం చదివిన మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఏమే, ఆ పిల్ల ఒంటిమీద బట్టలతోనే వెళ్ళిపోయిందా?"

"హఠాత్తుగా పోయింది కదా పిన్నీ."

"మార్చుకోడానికి ఇంకో జతైనా ఉండద్దూ?"

"అక్కడ బట్టలు మాయవు."

"మాయకపోతే మానె, రోజూ అదే తొడుక్కుంటే విసుగెయ్యదూ? సరేగానీ, రాత్రిపూట ఆ పిల్లకి జడ ఎవరు విప్పుతున్నారు?"

రోజుకో ప్రశ్న. ఆ బడికి గొడుగులున్నాయా? దిగేటప్పుడు పిల్లలు మెట్ల మీద తోసుకోరా? నేను నవ్వుకుంటూ జవాబులు చెప్పేదాన్ని. వానలు మొదలయ్యాక మాత్రం ఆవిడ ప్రశ్నలన్నీ ఆగిపోయి ఒక్కటే మిగిలింది.

"అక్కడ పిల్లలు పెరుగుతారని రాయకూడదటే?"

"కూడదు పిన్నీ. నవలంతా ఆ నియమం మీదే నిలబడింది."

"ఎక్కువ అడిగానా? ఏడాదికి ఒక్క అంగుళం."

"ఒక్క అంగుళం పెరిగినా నా పుస్తకం కూలిపోతుంది."

"కుట్టు సరిగ్గా వేస్తే ఎందుకు కూలుతుంది?"

అప్పటికి రెండో ముద్రణ ఖాయమైంది. దిద్దుబాట్లేమైనా ఉంటే నెలాఖరులోగా పంపమన్నారు ప్రచురణకర్త. ఆ సంగతి పిన్నికి చెప్పడమే నేను చేసిన తెలివితక్కువ పని. రెండు రోజుల తర్వాత ప్రచురణకర్త నుంచి కంగారుగా ఫోన్.

"మీ పిన్నిగారు ఫోన్ చేశారండీ. ఒక అంగుళం ఇప్పించమంటున్నారు. ఏ అంగుళమండీ? పుస్తకం పొడవా, వెడల్పా?"

"ఏ అంగుళమూ వద్దండీ. ఉన్నది ఉన్నట్టు వెయ్యండి."

ఆ తర్వాత గ్రంథాలయంలో పాఠకుల సభ పెట్టారు. పిన్ని మెడలో కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయి ముందు వరసలో కూర్చుంది. ప్రశ్నలు అడగండి అనగానే చటాక్కున లేచింది.

"నాదొక సందేహం. పైలోకంలో పిల్లలు ఎందుకు పెరగరు?"

పక్కనే ఉన్న తత్వశాస్త్రం లెక్చరరుగారికి ఈ ప్రశ్న అమృతంలా తోచింది. కాలమంటే ఏమిటి, మార్పంటే ఏమిటి, అసలు 'నేను' అంటే ఎవరు అంటూ ఆయన అందుకున్నారు. పిన్ని ఓపిగ్గా చివరిదాకా వింది.

"మీరు చెప్పింది బాగుంది బాబూ. అంతా కలిపి, చొక్కా పొట్టవుతుందా అవదా?"

హాలు గొల్లుమంది. లెక్చరరుగారు కూడా కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకెప్పుడూ నా పుస్తకం జోలికి రావద్దని చెప్పేద్దామని మర్నాడు మధ్యాహ్నం పిన్ని ఇంటికి బయల్దేరాను. దారిపొడవునా కోపాన్ని చల్లారిపోకుండా ఎగదోసుకుంటూ వెళ్ళాను.

గదిలో అడుగుపెట్టగానే పిన్ని నోటికి వేలు అడ్డం పెట్టి, కూర్చోమని సైగ చేసింది. అద్దం ముందు బడి యూనిఫాంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పన్నెండేళ్ళుంటాయేమో. నిలబడిందంటే నిలబడినట్టు కాదు. స్కర్టు లోపల మోకాళ్ళు మడిచి, వీపు గూనిలా వంచి, తల భుజాల్లోకి లాక్కుని ఉంది. పిన్ని నేలమీద కూర్చుని ఆ స్కర్టు అంచు కుట్టు విప్పుతోంది.

"పొట్టయిందా అత్తా?" అంది ఆ పిల్ల భయంభయంగా.

"గుడ్డ ముడుచుకుపోయిందే. వానాకాలం నీళ్ళకి ముడుచుకోదూ మరి? నువ్వేం పెరగలేదులే."

అబద్ధం. కొత్త స్కర్టు కుట్టాల్సినంత పెరిగింది ఆ పిల్ల. పిన్ని లోపల దాచిన గుడ్డని కొంచెం కొంచెంగా వదులుతూ నెట్టుకొస్తోందని నాకప్పుడు అర్థమైంది.

ఆ పిల్ల అద్దంలో నన్ను చూసింది. మొహం వెలిగింది. "మీరేనా అండీ ఆ పుస్తకం రాసింది? అత్త దగ్గర తీసుకుని చదివాను. మిమ్మల్ని ఒకటి అడగచ్చా?"

"అడుగమ్మా."

"అక్కడ ఎవరూ పెరగరు కదండీ. మా తమ్ముడు ఆరేళ్ళకే వెళ్ళిపోయాడు. నేను పెద్దయి, ముసలిదాన్నై వెళ్తే, నేనే అక్కనని వాడికెలా తెలుస్తుంది?"

ఎన్నో సభల్లో ఎన్నో ప్రశ్నలకి గుక్క తిప్పుకోకుండా జవాబులు చెప్పినదాన్ని. సాయం కోసం పిన్ని వైపు చూశాను. మూలన బాబాయి కంటికున్న భూతద్దం తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. పిన్ని దారం కొరికి, "రాసినావిడ కదా, ఆలోచించి చెబుతుందిలే. నువ్వు బడికెళ్ళు, గంట కొట్టేస్తారు" అని ఆ పిల్లని పంపించేసింది.

ఆ పిల్ల నేలని చూస్తూ, వంగే నడిచి వెళ్ళింది.

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?" అన్నాను.

"ఏమని చెప్పనే? నీ పుస్తకం చదివి ఒక పిల్ల పెరగడం మానేసింది, పాలు తాగనంటోంది, గూని పెట్టుకు నడుస్తోందనా? తిండి మానేసి రాసుకున్నావు దాన్ని. చెబితే నువ్వు తట్టుకుంటావా?"

"అందుకని సభలో అంతమంది చేత నవ్వించుకున్నావా?"

"నన్ను చూసి నవ్వనిదెప్పుడు? అదేం కొత్తా? మీ బాబాయి రోజూ నవ్వుతాడు."

ఎగదోసుకుంటూ తెచ్చిన కోపం ఏమైపోయిందో తెలియదు. పిన్ని మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, అక్కడే కూర్చుని రెండు చొక్కాలకి గుండీలు కుట్టేశాను. నేను వెళ్ళాక వాటిని ఆవిడ విప్పి మళ్ళీ కుట్టుకుందట.

ఇంటికెళ్ళి ప్రచురణకర్తకి ఫోన్ చేశాను.

"ముద్రణ ఆపండి. ఒక అధ్యాయం కలపాలి."

"అంగుళమేనా అండీ?" అన్నాడాయన నీరసంగా.

నియమం మార్చలేదు. అక్కడ ఎవరూ పెరగరన్నది అలాగే ఉంచాను. ఆ బడి పక్కన ఒక దర్జీ కొట్టు పెట్టానంతే. అందులో ఒకావిడ, మెడలో టేపు. ఆ టేపు ఎటువంటిదంటే, ఇక్కడ మనం ఎంత పెరిగితే అక్కడ అది అంత సాగుతుంది. ఆవిడ రోజూ పిల్లల్ని పిలిచి గోడ మీద సుద్దతో గీత గీసి చూపిస్తుంది: "ఇదిగోరా, మీ అక్క ఇవాళ్టికి ఇంత ఎత్తయింది. జడ ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పుడు కళ్ళజోడు కూడా పెట్టుకుంటోంది." అందుకని అక్క ఎప్పుడు వచ్చినా, జుట్టు నెరిసి వచ్చినా, వందమందిలో ఉన్నా, తమ్ముడు దూరం నుంచే గుర్తుపట్టి పరిగెత్తుకొస్తాడు.

ఆ కాగితాలు మొదట పిన్నింటికే తీసుకెళ్ళాను. పిన్ని చేతినిండా పనుంది కాబట్టి ఆ పిల్లే స్టూలు మీద కూర్చుని పైకి చదివింది. గోడ మీది గీత దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపి, అదే వాక్యం మళ్ళీ చదువుకుంది. తర్వాత గబగబా చివరిదాకా చదివేసింది. మిషను చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

ఆ పిల్ల లేచింది. అద్దం ముందుకెళ్ళి, వీపు నిటారుగా పెట్టి, గడ్డం పైకెత్తి నిలబడింది. ఎంత పొడుగుందో!

"కొత్తది కుట్టు అత్తా. సరిగ్గా కొలువు. అక్కడ గీత తప్పు పడకూడదు."

పిన్ని టేపు తీసింది గానీ కొలవలేదు. కళ్ళద్దాల మీంచి నన్నే చూస్తోంది.

"ఏమే, ఆ దర్జీ ఎవరు?"

"ఎవరో ఒకావిడ పిన్నీ."

"మెడలో టేపు, నోట్లో దారం, మొగుడికి గడియారాల పని. ఎవరో ఒకావిడా? అంటే నన్ను చంపేశావుటే!"

ఆ పిల్ల పకపకా నవ్వింది. అంత నవ్వు ఆ పిల్లలో ఉందని నాకు తెలియదు. బాబాయి బల్ల దగ్గర్నుంచి, "నేను కూడా పోయానా అమ్మాయ్, ఇక్కడే ఉన్నానా? కాస్త ముందే చెప్పు, చేతిలో నాలుగు గడియారాలున్నాయి" అన్నాడు.

"మీరు ఇక్కడే ఉన్నారు బాబాయ్."

"హమ్మయ్య, కొన్నాళ్ళు ప్రశాంతంగా భోంచేస్తాను."

పిన్ని ఆయన్ని పట్టించుకోలేదు. "సరే, చంపితే చంపావు. నలుగురు పిల్లలకి పనికొస్తున్నాను కదా. కానీ అక్కడ కూడా కాలితో తొక్కే మిషనే పెట్టావేమే? పోయాక కూడా ఈ మోకాళ్ళ నొప్పులు నా వల్ల కాదు. మోటారు పెట్టించు."

పెట్టించాను. రెండో ముద్రణ బజార్లోకి వచ్చీ రాగానే ఒక ఎలక్ట్రీషియన్ ఫోన్ చేశాడు. పుస్తకం చాలా బాగుందనీ, తన కూతురు దిండు కింద పెట్టుకు పడుకుంటోందనీ చెప్పి, "అంతా సరేగానీ అండీ, పైలోకంలో మోటారుకి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని అడిగాడు.

పిన్ని నంబరిచ్చాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారట. మూడో ముద్రణలోపు ఆ బడి మొత్తానికి వైరింగ్ చేయించాలని కబురొచ్చింది.