బడి మెట్ల మీద మేం పెట్టిన ఫిర్యాదు

దక్షిణాఫ్రికాలో కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజుల్లో లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్లు కావాలంటున్నారని విని, కాకినాడ నుంచి దరఖాస్తు పెట్టుకుని డర్బన్ వైపు వెళ్లినదాన్ని నేను. అక్కడి ఒట్టావా అనే చిన్న ఊరు దాటాక, చెరుకు తోటలు కొట్టేసి కట్టిన ఒక పేటలో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడకు డెబ్బై దాటాయి. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చెరుకు మిల్లు కూలీల ఇళ్ల లైన్లలో పుట్టిన మనిషి. పేటంతా అవ్వ అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచాను.

ఆ ఇంట్లో మాటలన్నీ ఇంగ్లీషులోనే. అవ్వ దగ్గర మాత్రం తిండికీ, దేవుడికీ, తిట్లకీ సరిపడా తెలుగు మిగిలి ఉంది. తెలుగు మనిషి అద్దెకు దిగిందని ఆవిడకు ఎంత సంబరమో! మొదటి రోజే చేయి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. "రా అమ్మాయ్, కూకో. పులుసు ఉన్నాది, తిను" అంది.

అవ్వకు పదేళ్ల మనవరాలు. పుట్టుకతోనే కాళ్లు రావు, చక్రాల కుర్చీలో ఉండేది. తల్లి బట్టల ఫ్యాక్టరీలో పనికి పోతే పిల్లని అవ్వే చూసుకునేది. ఆ పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, బడి నుంచి నేనెప్పుడు వస్తానా అని చూసేది. వచ్చీ రాగానే "ఇవాళ ఏం చెప్పారు?" అని అడిగేది. నేను క్లాసులో చెప్పిన లెక్కలన్నీ మళ్లీ ఇంట్లో చెప్పాల్సిందే. భిన్నాలు మా క్లాసు పిల్లలకంటే ఆమెకే ముందు వచ్చాయి.

"మరి బడికి ఎందుకు పంపలేదు?" అని ఒకరోజు అవ్వని అడిగాను.

"మెట్లు అమ్మాయ్! నువ్వు ఎక్కుతావు కదా రోజూ. ఏడు మెట్లు. కుర్చీ ఎట్టా ఎక్కుతాది?"

నిజమే. బడి గుట్ట మీద ఉంది. గేటు దాటితే ఏడు సిమెంటు మెట్లు, ఆపైన వరండా. రోజూ ఎక్కుతూ కూడా నేనెన్నడూ వాటిని లెక్కపెట్టలేదు. అది వినగానే సిగ్గేసింది.

అప్పటికే అవ్వ ఆఫీసుల చుట్టూ మూడుసార్లు తిరిగింది. బడి లోపలిదే మాది, గేటు నుంచి వరండా దాకా ఉన్న స్థలం ఊరి కౌన్సిల్‌ది అని విద్యాశాఖ వాళ్లన్నారు. చదువు మా పని కాదు, విద్యాశాఖకే వెళ్లండి అని కౌన్సిల్ వాళ్లన్నారు. ఇదివరకు వారానికి రెండు రోజులు సంక్షేమ విభాగం నుంచి ఒకావిడ వచ్చి పిల్ల కాళ్లకు వ్యాయామం చేయించేదట. జాతికొకటిగా ఉన్న పాత ఆఫీసులన్నీ కలిపేస్తున్నామని చెప్పి ఆమె రాక కూడా ఆగిపోయింది. ఎవరిని అడగాలో చెప్పేవాళ్లే లేరు.

ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చుని కౌన్సిల్‌కు ఉత్తరం రాశాం. అవ్వ చెప్పేది, నేను ఇంగ్లీషులో పెట్టేదాన్ని. ఆవిడ చెప్పిన తిట్లు మాత్రం వదిలేశాను. జవాబు రాలేదు. ఇంకోటి రాశాం. ఈసారి ఒక చీటీ వచ్చింది: అందరూ ఓటేసి ఎన్నుకున్న కొత్త కౌన్సిల్ శనివారం పొద్దున సభ పెడుతోంది, ఫిర్యాదులున్నవాళ్లు ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చు.

"ఎవరైనా అంటే మనమా?" అంది అవ్వ. నాతో రెండుసార్లు చదివించుకుంది.

సభ జరిగే హాలు ఒకప్పుడు తెల్లవాళ్లది. అవ్వ పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారీ అందులో అడుగు పెట్టలేదు. శనివారం పొద్దున్నే పెళ్లిళ్లకు కట్టుకునే పట్టుచీర కట్టింది, తలలో పూలు పెట్టుకుంది. మనవరాలికి కొత్త రిబ్బన్లు కట్టింది. భయంగా ఉందా అని అడిగాను. "భయం ఐకోనా! ఉషారు!" అని నవ్వింది. ఐకోనా అంటే అక్కడి మాటలో లేదని.

నిజంగా భయపడ్డది నేను. నాది రెండేళ్ల ఒప్పందం. మా ప్రిన్సిపాల్ ముందురోజే నన్ను పిలిచి, "పరాయి దేశం నుంచి ఒప్పందం మీద వచ్చావు. ఇలాంటి వాటికి కాస్త దూరంగా ఉంటే నీకే మంచిది" అన్నాడు. నేను కుర్చీ తోసుకెళ్లి వెనక కూర్చుంటాను, అంతే అనుకున్నాను.

హాలు కిటకిటలాడుతోంది. చీరలు, సూట్లు, వీపున పిల్లల్ని కట్టుకున్న జులూ తల్లులు. ఎవరి నోట చూసినా ఫిర్యాదే, ఎవరి ముఖం చూసినా పండగే! ముందుగా వాగు అవతలి గుడిసెల నుంచి వచ్చిన ఒక జులూ ఆవిడ లేచింది. జులూలో గడగడా మాట్లాడింది. వేదిక మీదున్న కౌన్సిలర్ భారత సంతతివాడు, కుర్రతనం పోని మనిషి. తెల్లముఖం వేశాడు. అనువదించి చెప్పే మనిషిని పెట్టడం ఎవరికీ తోచలేదు.

అవ్వ లేచి నిలబడింది. "హైబో! నీకు అర్థం కాలేదా? నేను చెప్తాను" అని, మిల్లు లైన్లలో చిన్నప్పుడే జులూ నేర్చిన మనిషి కాబట్టి ఆ మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పేసింది. ఆ జులూ ఆవిడ కూతురికీ కాళ్లు రావట. వీపున మోసుకుని ఆ ఏడు మెట్లూ ఎక్కితే, రోజూ మోయడం కుదరదు కదా అని బడివాళ్లు వెనక్కి పంపారట. చెప్తూ చెప్తూ అవ్వ ఆ తల్లి వైపు తిరిగింది. తన ఇంటి కథే ఇంకో ఇంట్లోనూ ఉందని అవ్వకు అప్పుడే తెలిసింది.

కౌన్సిలర్ కాగితాలు తిరగేశాడు. "మెట్ల వల్ల ఇబ్బంది పడే పిల్లలు తమ దగ్గర ఎవరూ లేరని బడి నుంచి మాకు రాసిచ్చారు" అన్నాడు.

నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. "నేను ఆ బళ్లోనే టీచర్ని. ఎవరూ లేరన్నది నిజమే. రానిస్తే కదా ఉండటానికి!" అన్నాను.

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు, ఎవరో ఈల వేశారు. ఆ సందట్లో అవ్వ వేదిక దగ్గరికి వెళ్లి, కౌన్సిలర్‌కి వేలు చూపిస్తూ తెలుగులోకి దిగిపోయింది. "ఒరే అబ్బీ, నువ్వు వచ్చి చూడు! నీ కళ్లతో చూడు! కాయితం చూసి ఏమి తెలుస్తాది?"

అతనికి ఒక్క ముక్కా అర్థమై ఉండదు. అయినా లేచి నిలబడి, "సోమవారం వస్తానమ్మా" అన్నాడు.

వచ్చాడు కూడా. మా ప్రిన్సిపాల్ ఎదుటే చక్రాల కుర్చీని మెట్ల మీదుగా లాగబోయి, మూడో మెట్టు దగ్గర చొక్కా తడిసిపోయి ఆగిపోయాడు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. నెల తిరక్కుండానే కౌన్సిల్ మనుషులు మెట్ల పక్కన వాలుదారి పోశారు. మొదటిసారి మరీ నిటారుగా పోశారు. ఖాళీ కుర్చీని వదిలితే సరాసరి గేటుకు వెళ్లి గుద్దుకుంది. అవ్వ అక్కడే నిలబడి దాన్ని పగలగొట్టించి, మళ్లీ పోయించింది.

వ్యాయామం చేయించే ఆవిడ సంగతి మాత్రం పూర్తిగా తేలలేదు. ఎన్నో ఉత్తరాల తర్వాత నెలకోసారి వచ్చేది. మిగతా రోజులు ఆమె చూపించినట్టు అవ్వే చేయించేది. నా ఒప్పందం గురించి ప్రిన్సిపాల్ మళ్లీ ఎత్తలేదు. నాతో మాట్లాడటం కూడా చాలావరకు మానేశాడు.

ఇద్దరు పిల్లలూ ఒకేరోజు బళ్లో చేరారు, జులూ ఆవిడ కూతురు అప్పటికి ఎక్కడో సంపాదించిన పాత చక్రాల కుర్చీలో. వాలుదారి కింద అవ్వా, ఆ జులూ ఆవిడా పక్కపక్కనే నిలబడి ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. కుర్చీలు నేను తోస్తానంటే నేను తోస్తానని క్లాసు పిల్లలంతా గేటు దగ్గరే మూగారు. ఆ గంటలో నేను ఒక్క లెక్కా చెప్పలేకపోయాను. పేర్లు రాసుకోవడానికి రిజిస్టరు తెరిస్తే, అవ్వ మనవరాలు నా చేతిలో పెన్ను తీసుకుని తన పేరు తానే రాసుకుంది, రెండు గడుల మేర, పెద్ద అక్షరాలతో.