చీమిడి ఉద్యోగం

మా ఇంట్లో నా పనికి పెట్టిన పేరు చీమిడి ఉద్యోగం. మా ఆయన పెట్టాడు, పిల్లలు అందుకున్నారు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. తర్వాత నేనే అందరికీ అలా చెప్పుకోవడం మొదలుపెట్టాను, ఎందుకంటే అది నిజం.

పసిపిల్లల జలుబు ఏ వైరస్ వల్ల వస్తుంది, అందులో ఏది ఛాతీలోకి దిగి నెమ్ము చేస్తుంది అని తేల్చే పరిశోధన మాది. ల్యాబు హోసూరులో, నేనుండేది కృష్ణగిరిలో. పొద్దున్నే స్కూటర్ మీద ఐసు పెట్టె కట్టుకుని వేప్పనపల్లి వైపు ఊళ్ళకు పోవాలి. జలుబు చేసిన బిడ్డ ముక్కులో మెత్తటి దూది ఉన్న సన్నటి పుల్ల పెట్టి తిప్పాలి, దాన్ని మందునీళ్ళ గొట్టంలో వేసి మూత బిగించాలి, సాయంత్రానికి హోసూరు పంపాలి. అంతే పని. మామిడితోపుల మధ్య ఆ దారి, ప్రతి ఇంట్లో ఓ గ్లాసు కాఫీ, తెలుగులో మొదలై తమిళంలోకి పోయి కన్నడంలో తేలే కబుర్లు. నాకు నచ్చిన ఉద్యోగం అది.

ఒక నియమం ఉండేది. ముందురోజు ఫోన్ చేసి, రేపు ఫలానా టైముకి వస్తామని చెప్పాలి. చెప్పేదాన్ని. ఒక ఊళ్ళో అయితే, నేను పోయేసరికి బిడ్డలు పెళ్ళికి పోతున్నట్టు తయారై ఉండేవాళ్ళు. తలకు పోసి, పౌడరు రాసి, బుగ్గన చుక్క పెట్టి. "ఎంత శుభ్రంగా పెట్టుకున్నారమ్మా!" అని మెచ్చుకునేదాన్ని. ఒక ఇంట్లో మెచ్చుకుంటే పక్కింటికి పాకేది. నోరు ఊరుకోదు కదా నాకు.

ఒకరోజు ల్యాబు పెద్ద డాక్టరమ్మ ఫోన్ చేసింది. "ఆ ఒక్క ఊరి గొట్టాల్లో ఏమీ ఉండటం లేదు. ముక్కు లోపలి కణాలు కూడా లేవు. ఎవరి ముక్కులోనూ పెట్టని పుల్లల్లా ఉన్నాయి. అసలు నువ్వు ఇళ్ళకు పోతున్నావా?" అంది. ఈసారీ అంతే అయితే ఆ ఊరిని పరిశోధనలోంచి తీసేస్తామని, నా సంగతీ చూడాల్సి వస్తుందని చెప్పింది.

ఒళ్ళు మండిపోయింది. ఎండలో నల్లబడింది నేను, ఏ చెట్టుకిందో కూర్చుని ఉత్త పుల్లలు గొట్టాల్లో వేశానని మాట పడింది నేనే. మర్నాడు ఆ ఊళ్ళో పదింటికి వస్తానని చెప్పిన ఇంటికి ఏడింటికే పోయాను. ఏం జరుగుతోందో కళ్ళతో చూడాలనుకున్నాను.

పశువుల కొట్టం పక్కన ఆ ఇంటి అవ్వ పీటమీద కాళ్ళు చాపుకుని, ఏడాది మనవడికి నీళ్ళు పోస్తోంది. పోయడం అయ్యాక గుడ్డ కొసను మెలితిప్పి వాడి ముక్కులో ఉన్నదంతా తీసేసింది. ఆపైన వెచ్చటి ఆముదం చెరో చుక్క వేసింది. వాడు కేకలు పెట్టాడు. నాకు నవ్వాగలేదు. మూడు నెలలుగా నేను వెతుకుతున్న చీమిడి ఇంటింటా ఇలా గుడ్డలకు అంటుకుపోతోంది. దాన్ని మెచ్చుకున్నదీ నేనే.

"అవ్వా, నాకు కావాల్సిందే అది. తుడవొద్దు, ముక్కులో నూనె అసలే వద్దు, నూనె ఉంటే పుల్లకు ఏమీ అంటదు" అన్నాను.

అవ్వ ముఖం మాడ్చుకుంది. "ముక్కు కారతా ఉండే బిడ్డను నీ చేతికిస్తే ఈడ నలుగురూ ఏమంటారమ్మా? నా పెద్దకొడుకు మూడేండ్లవాడు, జలుబు ముదిరి డొక్కలెగరేసి పోయినాడు. బిడ్డ ముక్కు తుడిచే తీరిక లేదా దీనికి అని వీధంతా అన్నారు. ఆ పొద్దునుంచి ఈ ఇంట్లో ఏ బిడ్డ ముక్కూ కారనీలేదు నేను."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. పక్కనే నేలమీద కూర్చున్నాను. "తుడవకపోతే వచ్చే జబ్బు కాదవ్వా అది. మీ తప్పేం లేదు" అన్నాను.

"తుడిచినా పోయుండునా?"

"తుడవడానికీ దానికీ సంబంధం లేదవ్వా."

ఆమె చాలాసేపు బిడ్డ వీపు మీద చెయ్యి తీయలేదు. "ఇన్నేండ్లూ ఎవరూ చెప్పలేదే" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ రోజు పుల్ల పెట్టలేదు. డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె నవ్వి, నన్ను అనుమానించినందుకు నొచ్చుకుంది. ఇంటింటికీ పోయి, నేను వచ్చేదాకా బిడ్డను కడగొద్దని చెప్పి రమ్మంది. చెప్పాను. మురికి బిడ్డలే కావాలని బతిమాలే ఉద్యోగం ఇంకెవరికైనా ఉందో లేదో. తర్వాతి వారం గొట్టాలన్నీ సరిగ్గా వచ్చాయి, ఊరు నిలిచింది, నేనూ నిలిచాను.

ఆ వారమే అవ్వ ఇంటికి పోతే, వీధి గడపలోనే కూర్చుని ఉంది. ఒళ్ళో మనవడు, ముక్కు రెండువైపులా కారుతూ. ఎదురింటి ఆడవాళ్ళు చూస్తున్నారు. సిగ్గుపడి కోడలు కొంగు తీసుకుని ముందుకొస్తే అవ్వ ఆ చెయ్యి తోసేసింది. "ఉండనీ. వాళ్ళు చూస్తే చూడనీ" అంది.

పుల్ల తిప్పి గొట్టంలో వేశాను. అవ్వ ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూపమంది. చూపించాను.

"నా కొడుకును తీసుకుపోయిందాని పేరు దీంట్లో తెలస్తాదా?"

"అది తెలియదవ్వా. వీడికి వచ్చిందేదో తెలుస్తుంది."

అవ్వ బిడ్డ తలను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నా వైపు తిప్పింది.

"చాలకుంటే ఇంకోతూరి తీసుకో తల్లీ."