ఓడలో కిటికీ పక్కన

పోయిన ఆదివారం మా అమ్మాయీ అల్లుడూ మంచిర్యాల నుంచి వచ్చి, భోజనాలయ్యాక సెల్‌ఫోనులో ఒక ఓడ బొమ్మ తెరిచి మా ఇద్దరి ముందు పెట్టారు. చెన్నైలో ఎక్కించుకుని నాలుగు రోజులు సముద్రం మీద తిప్పి మళ్ళీ చెన్నైలోనే దింపే విహార నౌక అది. మా పెళ్ళయి నలభై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి మమ్మల్ని అందులో పంపాలని వాళ్ళ ముచ్చట. కిటికీ లేని లోపలి గది అన్నిటికంటే చౌక అనీ, అద్దాల కిటికీ ఉన్నది కొంచెం ఎక్కువ అనీ, బాల్కనీ ఉన్నదైతే దాదాపు రెట్టింపు అనీ, ఇవి కాక పన్నులు, టిప్పులు, ఇంటర్నెట్టు, రేవులో దిగి ఊరు చూడటానికి వేరే ఖర్చు అనీ అల్లుడు ఓపిగ్గా చెప్పాడు. అంతా విని నేను, "పండుకునేటందుకే కదా బిడ్డా, లోపలి గది చాలు" అన్నాను. నా భార్య నా వైపు ఒక చూపు చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట మద్రాసులో ఓడ టికెట్ల కౌంటరు ముందు నిలబడి నేను దాదాపు ఇదే మాట అన్నానని మా ఇద్దరికే తెలుసు.

అప్పుడు నేను గోదావరిఖనిలో భూమి లోపలి బొగ్గుబాయిలో ఫిట్టర్ని. కంపెనీ ఇచ్చే ప్రయాణ భత్యంతో అందరూ తిరుపతికో కాశీకో వెళ్ళేవాళ్ళు. మా బాయి ఆఫీసులో పనిచేసే గుమాస్తా ఒకాయన, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, అండమాన్ ఓడ సంగతి చెప్పాడు. నా భార్య మా మేనమామ కూతురే, చిన్నతనం నుంచీ సముద్రం చూడాలని ఆశ పడిన మనిషి. నన్ను కన్న మా అవ్వను ఒంటరిగా వదలలేక ఆమెనూ వెంట తీసుకుని, రామగుండంలో రైలెక్కి మద్రాసు చేరాం. అక్కడ తెలిసింది, ఆ ఓడలో రెండు రకాల చోట్లున్నాయని: అడుగు భాగంలో పెద్ద హాలు, అందులో వరుసగా అరల్లాంటి బంకులు, పైన కిటికీ ఉన్న చిన్న గదులు. ముగ్గురికీ గదులు తీసుకుంటే తేడా దాదాపు నా నెల జీతం. పగలంతా పైన డెక్కు మీదే ఉంటాం, నిద్రకు ఏ చోటైతేనేం అని నేను బంకులే తీశాను. ఆమె ఎదురు చెప్పలేదు. ఆ రోజుల్లో నేను దాన్ని ఒప్పుకోలు అనుకునేవాణ్ణి.

రెండో రోజు పొద్దున్నే సముద్రం అల్లకల్లోలమైంది. డెక్కు తలుపులు మూసి అందరినీ కిందికి పంపారు. ఇంజను రొద, డీజిలు వాసన, పగలూ రాత్రీ తేడా తెలియని ట్యూబులైట్ల వెలుగు, చుట్టూ వాంతులు. మా అవ్వ బంకు పట్టె పట్టుకుని, ఇంత గంజి కూడా దిగక, మనం మునిగిపోయినమా అని మాటిమాటికీ అడగసాగింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. చుట్టూ గోడలు, గాలి తక్కువ, యంత్రాల మోత, అంతా రోజూ ఉండేదే. నేను తాపీగా కూర్చుని ఉండటం నా భార్య చాలాసేపు గమనించింది.

"బావా, నువ్వు రోజు దిగే బాయి గిట్లనే ఉంటదా?"

పెళ్ళయిన రెండేళ్ళలో బాయి గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పినవాణ్ణి కాను. అడిగితే మంచిగనే ఉంటది అనేవాణ్ణి. ఆ రోజు ఎందుకో అబద్ధం నోటికి రాలేదు.

"గీడ లైట్లన్నా ఉన్నయి" అన్నాను.

ఆమె లేచి, కమ్మీలు పట్టుకుంటూ మెట్లెక్కి పోయింది. అరగంటకు తిరిగి వచ్చింది. వచ్చీరాని హిందీలో ఓడ గుమాస్తాను బతిమాలి, పైన ఖాళీగా ఉన్న ఇద్దరి గది ఒకటి మాట్లాడిందట. అండమాన్‌లో ముత్యాల దండ కొనుక్కోవాలని కుట్టుమిషను మీద సంపాదించి దాచుకున్న డబ్బులు అదనపు ఛార్జీ కింద కట్టేసింది. వాళ్ళ అత్తతో తనే వెళ్తుందనుకుని నేను సంచి అందించబోయాను. ఆమె తీసుకోలేదు.

"నువ్వు పో అవ్వతోని. సూర్యుని మొకం చూడక ఎన్నేండ్లాయె నీకు! కిటికీకాడ కూసో."

వద్దన్నాను, బతిమాలాను. ఆమె పంతం ముందు నా మాట ఎప్పుడు నెగ్గింది గనక! ఆ గదిలో గుండ్రటి అద్దం అవతల నీలం తప్ప ఇంకేమీ లేదు. మా అవ్వ తేరుకుని, నీళ్ళలోంచి ఎగిరే చేపల్ని చూసి, మన గోదారి గింత పెద్దగైందా బిడ్డా అని చిన్నపిల్లలా నవ్వింది. నేనూ నవ్వాను గానీ కిందున్న మనిషి మనసులో మెదులుతూనే ఉంది. గంటసేపటికి దిగి వెళ్ళి, పట్టుబట్టి ఆమెను పైకి పంపాను. ఆ తర్వాత వంతులు వేసుకున్నాం. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి బజారంతా తిరిగినా ఆమె ముత్యాల దుకాణం వైపు కన్నెత్తి చూడలేదు.

మొన్న ఆదివారం ఆమె నా మాటకు ఆగలేదు. ఫోను తన వైపు తిప్పుకుని, "నాకు బాల్కనీ కావాలె. ఇద్దరం ఒక్కకాడ కూసోవాలె" అంది. ఇంటర్నెట్టు వద్దు, ఊళ్ళు చూపించే బస్సులు వద్దు, ఓడలో పెట్టేదే తింటాం అని మిగతావన్నీ తనే కొట్టేయించింది. బాల్కనీ ఒక్కటి మాత్రం ఉంచింది. మా అమ్మాయి అక్కడికక్కడే బుక్ చేసింది.

మా అవ్వ పోయి పదహారేళ్ళయింది. నేను దిగిన బాయి మూసేశారు, ఇప్పుడు చాలామంది కుర్రాళ్ళు నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో ఎండపొడలోనే బొగ్గు తీస్తున్నారు. మా కాలంలో నీకేం కావాలని ఒకరినొకరం అడిగేవాళ్ళం కాదు, ఎంతలో సర్దుకోగలమనే చూసుకునేవాళ్ళం. అలా సర్దుకుంటూనే నా తోటివాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. ఇప్పుడు అడిగే పిల్లలున్నారు, నాకిది కావాలె అని చెప్పడం మా ఆవిడ నేర్చుకుంది. నాకే ఇంకా నోరు తిరగదు. ఓడ ఎక్కడానికి రెండు నెలలుంది కదా, ఆలోపు నేనూ నేర్చుకుంటాను.