ముందు ప్రెసిడెంటు చెడగొట్టాలి

బావగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరైనా కొత్త పని మొదలుపెడదామనుకుంటే, ముందు ఆ పని ఆయనే చేసి చెడగొట్టాలి. ఆ తరవాతే వాళ్లు మొదలుపెట్టాలి.

ఆయన ముప్పైరెండేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశారు. ఆయన బజార్లో అడుగుపెడితే తక్కెళ్లు వాటంతటవే సర్దుకునేవని చెప్పుకునేవాళ్లు. రిటైరయ్యాక ఆర్నెల్లపాటు ఇంట్లో పప్పుల డబ్బాలు తూచి చూసి, అక్క చేత చీవాట్లు తిని, ఒక శుభోదయాన పేపర్లో ప్రకటన వేయించారు. అలా పుట్టింది రెండో ఆట ఉత్తరాల సంఘం. నలభై అయిదు దాటి, మొదటి ఆట అయిపోయిందని లేచి వెళ్లిపోతున్నవాళ్లని చెయ్యి పట్టుకుని మళ్లీ సీట్లో కూర్చోబెట్టడం సంఘం ఆశయం. వ్యవస్థాపకుడు, ప్రెసిడెంటు, గుమాస్తా అన్నీ ఆయనే. కార్యాలయం భోజనాల బల్ల.

ఈ సంఘానికి మీటింగులు లేవు, ఫోన్లు లేవు. అంతా పోస్టులోనే. సభ్యులకి పేర్లు కూడా లేవు, నంబర్లే. నెలకోసారి ప్రతివాళ్లకీ ఒక లావుపాటి కవరు వెళ్తుంది. అందులో ప్రెసిడెంటుగారి ఉత్తరం, రెండు తెల్లకాగితాలు, తిరుగు టపాకి స్టాంపు అంటించిన కవరు ఉంటాయి. ఏడాదికోసారైనా అందరూ కలవొచ్చు కదా అని ఎవరో రాస్తే ఆయన ఒప్పుకోలేదు.

"కలిస్తే మొహాలు చూసుకుంటారు. చూసుకుంటే సిగ్గుపడతారు. సిగ్గుపడ్డవాడు అబద్ధాలు చెప్తాడు. పోస్టులో అయితే ఆ గొడవ లేదు" అన్నారు.

సభ్యులు తమ కోరిక రాస్తారు. ఆ ఉత్తరం అందిన మర్నాటినుంచి ఎనిమిది రోజులు ప్రెసిడెంటుగారు ఆ పనిలో పడతారు. తొమ్మిదోరోజు నివేదిక పంపుతారు. పదిహేడో నంబరు ఆవిడది బ్యాంకులో ఉద్యోగం. యాభై రెండేళ్లకి ఈత నేర్చుకోవాలని ఉంది, నలుగురూ నవ్వుతారేమోనని భయంగా ఉందని రాసింది. బావగారు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరారు. నివేదికలో ఇలా ఉంది: "ఎనిమిది రోజుల్లో ఈదిన దూరం రెండు మీటర్ల పది సెంటీమీటర్లు. తాగిన నీరు సుమారు మూడున్నర లీటర్లు. నన్ను చూసి నవ్వినవాళ్లు ఇరవై ముగ్గురు. వాళ్లు అలిసిపోయి ఉంటారు కాబట్టి మీరు ఈ వారమే వెళ్లడం మంచిది."

ముప్పై నాలుగో నంబరాయన గుమాస్తా పని మానేసి ఇంద్రజాలం నేర్చుకుంటానన్నాడు. బావగారు అక్క చేతిగడియారం రుమాల్లో చుట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, మంత్రం చదివారు. నివేదిక రెండే వాక్యాలు. "గడియారం మాయమైంది. తిరిగి రాలేదు." ఆ తరవాత వారం రోజులు ఇంట్లో అక్క మాట కూడా మాయమైంది.

ఇలాంటి ఇంటికి వచ్చి పడ్డాడు ఆయన బావమరిది, అంటే అక్కకి తమ్ముడు. ఇరవై ఆరేళ్లు ఒకే ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా చేశాడు. ప్రెస్సు మూతపడింది. నలభై తొమ్మిదేళ్లు, ఒంటరి మనిషి. వచ్చిన సంబంధాలన్నిట్లోనూ తప్పులు దిద్దుతూ కూర్చుంటే పెళ్లి వయసు దాటిపోయింది. నాలుగు రోజులుండి పోదువుగాని రమ్మని అక్క పిలిస్తే వచ్చాడు. నాలుగు రోజులు ఆర్నెల్లయ్యాయి.

"ఏం చేద్దామనుకుంటున్నావురా?" అని అక్క రోజూ పొద్దున్న కాఫీతోపాటు అడిగేది.

"చూద్దాంలే అక్కా" అనేవాడు.

అతని బాధేమిటంటే, తప్పు అతని కంట పడకుండా పోదు. పుస్తకంలో, గోడమీద పోస్టరులో, మందు సీసా మీది కాగితంలో, ఎక్కడున్నా పట్టుకుంటాడు. కొత్త పని అంటే మొదట అన్నీ తప్పులే చెయ్యాలి. ఎదుటివాడి తప్పు అయితే ఎర్రసిరాతో దిద్దొచ్చు. తన చేతిలోంచే తప్పు వస్తే ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఆ భయంతో ఏ పనికీ చెయ్యి చాచలేదు. కూర్చుని తింటున్నాననే సిగ్గు మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. కనీసం సంఘం కవర్ల మీద అడ్రసులు రాసి ఆ రుణం తీర్చుకుందామని చూసేవాడు. రాస్తూ రాస్తూ నివేదికలన్నీ చదివేవాడు. ఇంత పనికిరాని మనిషి ఇంత ధైర్యంగా ఎలా బతుకుతున్నాడా అని బావగార్ని చూసి ఆశ్చర్యపోయేవాడు.

చివరికి ఒకరోజు తలుపు గడియ పెట్టుకుని తనూ ఒక ఉత్తరం రాశాడు. చిన్నప్పటినుంచీ చెక్కపని చెయ్యాలని ఉంది, కుర్చీలూ స్టూళ్లూ చేసి బతకాలని ఉంది, ఇంతవరకూ రంపం పట్టింది లేదు, మంచి చెక్క పాడుచేస్తానేమోనని భయం. ఇంతే. తన పేరు లేదు, ప్రెస్సు ఊసు లేదు. అక్షరాలు కుడివైపుకి వాల్చి రాశాడు. జవాబు లైబ్రరీకి పంపమని, లైబ్రేరియనుతో మాట్లాడుకుని, ఆ అడ్రసు ఇచ్చాడు. వీధి చివర డబ్బాలో వేసి వచ్చాడు. ఆ ఉత్తరం ఊరంతా తిరిగి మూడోరోజుకి మళ్లీ అదే ఇంటికి వచ్చింది.

బావగారు దాన్ని భోజనాల బల్ల దగ్గర పైకి చదివారు. ప్రూఫ్‌రీడరు పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"రెండువందల పన్నెండో నంబరు ఇస్తున్నా ఇతనికి" అన్నారు బావగారు. "ఎవరోగాని మార్జిను గీత గీసినట్టుంది. ఒక్క కొట్టివేత లేదు. బాగా భయస్థుడు పాపం."

"ఎవరో ఏమో" అన్నాడు ప్రూఫ్‌రీడరు.

"నువ్వేమంటావోయ్ బావమరిదీ? ఈ వయసులో రంపం పట్టగలడంటావా?"

"నాకేం తెలుసు బావగారూ. అతని మొహం నేను చూశానా?"

"అదీ నిజమే" అని బావగారు మజ్జిగ తాగేసి లేచారు.

మర్నాడు చెక్క వచ్చింది. రంపం, చిత్రిక, సుత్తి, మేకులు వచ్చాయి. బావగారు పెరట్లో షెడ్డులోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఎనిమిది రోజులూ లోపలినుంచి చప్పుళ్లు వినిపించాయి. మధ్యమధ్య వేలిమీద సుత్తి పడ్డట్టు ఆయన అరిచే అరుపులూ వినిపించాయి. అక్క దూదీ మందూ పట్టుకుని పరిగెత్తకపోవడం ప్రూఫ్‌రీడరుకి వింతగా అనిపించింది గాని, అలవాటైపోయిందేమోలే అనుకున్నాడు.

తొమ్మిదోరోజు స్టూలు హాల్లోకి వచ్చింది. బావగారు దానిమీద కూర్చున్నారు. అది ఎడమవైపు వెనక్కి ఒరిగింది. ఆయన సర్దుకున్నారు. అది కుడివైపు ముందుకి వచ్చింది. కాఫీ సగం ఆయన లుంగీ మీదా, సగం నేలమీదా పడింది.

"స్టూలు చెయ్యమంటే ఉయ్యాల చేశారేమిటండీ" అంది అక్క.

నివేదిక ఆ సాయంత్రమే వెళ్లింది. ప్రూఫ్‌రీడరు తన కవరుమీద తనే అడ్రసు రాసుకుని, మూడురోజులాగి, లైబ్రరీకి వెళ్లి తెచ్చుకున్నాడు. "రెండువందల పన్నెండుగారికి. నాలుగు కాళ్లు పెట్టాను. మూడింటికి ఒక అభిప్రాయం, నాలుగోదానికి వేరే అభిప్రాయం. ఇంతకంటే అధ్వాన్నమైన స్టూలు మీరు చేయగలిగితే నేను ప్రెసిడెంటు పదవికి రాజీనామా ఇచ్చి మీకు అప్పగిస్తాను. ప్రయత్నించి చూడండి."

ప్రూఫ్‌రీడరు లైబ్రరీలోనే నవ్వాడు. పక్కన చదువుకుంటున్నవాళ్లు గుడ్లురిమారు. నవ్వు ఆగాక అతనికి ఇంకో బాధ మొదలైంది. ఆ స్టూలు హాల్లో ఎదురుగా ఉంది. అందులో తప్పు ఉంది. తప్పు ఎక్కడుందో కూడా అతనికి తెలుసు. ఎడమవైపు వెనక కాలు బొటనవేలి మందం పొట్టి. తింటున్నా అదే కనిపించేది, పడుకున్నా అదే కనిపించేది. పదిరోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు బావగారు నలభై ఎనిమిదో నంబరావిడ కోసం కుట్టుపని నేర్చుకోవడానికి టైలరు షాపుకి వెళ్లారు. ఆయన గేటు దాటగానే ప్రూఫ్‌రీడరు స్టూలు చంకన పెట్టుకుని షెడ్డులో దూరాడు.

పొట్టికాలుకి సరిపోయేలా మిగతా మూడు కోసేస్తే సరి. మూడుసార్లు కొలిచాడు, పెన్సిలుతో గీతలు పెట్టాడు. రంపం పట్టుకున్నాడు. రంపం గీత మొహం కూడా చూడలేదు, తనకి తోచిన దారిన పోయింది. మొదటి కాలు మరీ పొట్టిదైపోయింది. దానికి సమం చెయ్యడానికి మిగతావి కోశాడు. వాటిలో ఒకటి ఇంకా పొట్టిదైంది. మళ్లీ కోశాడు. మధ్యలో ఒకసారి ఏడుపొచ్చినంత పనైంది. వదిలేసి పారిపోదామనుకున్నాడు. అప్పుడు నివేదిక గుర్తొచ్చింది. ఎంత చెడగొట్టినా ప్రెసిడెంటు చేసినదానికంటే అధ్వాన్నం కాదు కదా అనుకుని మళ్లీ రంపం అందుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి మోకాలెత్తు స్టూలు జానెడు పీట అయింది. నేలమీద పెట్టి నొక్కి చూశాడు. కదల్లేదు. ఎక్కి నిలబడ్డాడు. కదల్లేదు. ఆర్నెల్ల తరవాత అతనికి ప్రాణం లేచొచ్చింది.

చేసిన గలీజు కనబడకుండా షెడ్డు ఊడ్చాడు. కోసిపారేసిన చెక్క బిళ్లలు నలభై మూడు తేలాయి. అన్నీ ఎలక కొరికిన బిస్కెట్లలా ఉన్నాయి. నలభై నాలుగోది బల్ల కింద పొట్టులో దొరికింది. అది అతను కోసింది కాదు. కోత దారం పెట్టి కోసినంత నున్నగా ఉంది. రెండోవైపు అంచులు గుండ్రంగా రుద్ది, పాలిష్ కూడా పెట్టి ఉంది. పక్కన పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో రాసుంది: ఎడమ వెనక, 15 మి.మీ.

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. నివేదికల్లో రోజూ చూసే ఆ గుండ్రటి రాత ఎవరిదో అతనికి వేరే చెప్పక్కర్లేదు. అంటే స్టూలు ముందు చక్కగా పూర్తయింది. పాలిష్ కూడా అయింది. ఆ తరవాత కొలిచి, గీత పెట్టి, జాగ్రత్తగా చెడగొట్టారు.

బిళ్ల పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. "అక్కా, బావగారికి చెక్కపని వచ్చా?"

అక్క కూర కలుపుతూ వెనక్కి తిరగలేదు. "ఆర్నెల్లుగా నువ్వు భోంచేస్తున్న బల్ల ఎవరు చేశారనుకున్నావు? మా పెళ్లైన కొత్తలో ఆయనే చేశారు."

ప్రూఫ్‌రీడరు హాల్లోకి తొంగిచూశాడు. ఆ బల్లలో కూడా తప్పు కోసం వెతికినవాడే అతను. ఎన్నడూ దొరకలేదు.

"మరి రెండువందల పన్నెండు ఎవరో..."

"ఉత్తరం విప్పి ఆ మార్జిను చూడగానే మనవాడే అన్నారు. నీకు చెప్తే ఊరుకోనన్నారు. ఆ అరుపులన్నీ ఉత్తుత్తివిరా. పాపం, కాలు కోసిన రోజు మాత్రం అన్నం సరిగ్గా తినలేదు. ముప్పైరెండేళ్లలో తప్పు కొలత ఒక్కటి కూడా వేయని మనిషి."

ప్రూఫ్‌రీడరుకి కళ్లు చెమర్చాయి. ఇంతకాలం తనని ఎవరూ గమనించలేదనుకున్నాడు. ఒక పెద్దమనిషి ఎనిమిది రోజులు షెడ్డులో కూర్చుని తన భయాన్ని మిల్లీమీటర్లలో కొలిచాడు.

సాయంత్రం బావగారు వచ్చారు. సొంతంగా కుట్టుకున్న చొక్కా వేసుకున్నారు. కుడిచెయ్యి మణికట్టు దాటింది, ఎడమచెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. హాల్లో పీట చూసి నిలబడిపోయారు. దానిమీద కూర్చున్నారు. మోకాళ్లు గడ్డాన్ని తాకాయి. అటు ఊగి చూశారు, ఇటు ఊగి చూశారు. పీట కదల్లేదు.

"ఎవరిదోయ్ ఇది?" అన్నారు.

"రెండువందల పన్నెండో నంబరు పంపాడండీ."

"పోస్టులోనా?"

"పోస్టులోనే."

"స్టాంపులు బాగానే పడి ఉంటాయే" అంటూ ఆయన పీట అంచు తడిమి చూస్తున్నారు. ప్రూఫ్‌రీడరు ఇక ఆపుకోలేక చెక్కబిళ్ల ఆయన చేతిలో పెట్టాడు. బావగారు దాన్ని చూసి, దొంగతనం బయటపడ్డవాడిలా తల వంచుకున్నారు.

"ఎందుకండీ ఇదంతా?"

"ఏం చెయ్యమంటావురా. తక్కువ తూచేవాళ్లని జీవితమంతా పట్టుకున్నాను. ఈ ఉత్తరాలు చూస్తే ఒక్కొక్కరూ తమని తామే తక్కువ తూచుకుంటున్నారు. దానికి ఫైను వెయ్యడానికి సెక్షన్ లేదు. అందుకని అవతలి పళ్లెంలో నేను కూర్చుని కాస్త తేలికవుతున్నాను."

ప్రూఫ్‌రీడరు చొక్కా చేతులవైపు చూశాడు. "ఇవి కూడా కావాలనేనా?"

బావగారు తన రెండు చేతులూ చాచి చూసుకున్నారు. "లేదురా. ఇవి నిజంగానే రాలేదు. ఈత కూడా అంతే. అబద్ధం ఆడాల్సిన అవసరం నాకు రెండు మూడుసార్లే వచ్చింది" అన్నారు. "గడియారం సంగతి మీ అక్క దగ్గర ఎత్తకు."

వంటింటి గుమ్మంలోంచి వింటున్న అక్కతో సహా ముగ్గురూ నవ్వారు. నవ్వాక బావగారు లేవబోయారు, పీట మరీ కిందికి ఉండడంతో లేవలేకపోయారు. ప్రూఫ్‌రీడరు చెయ్యి అందించి ఆయన్ని లేపాడు.

"బావగారూ, రేపు కుర్చీ మొదలుపెడదామనుకుంటున్నాను" అన్నాడు.

బావగారి మొహం వెలిగిపోయింది. చొక్కా చేతులు పైకి మడిచారు. ఒకటి మడవాల్సిన పనే లేకపోయింది. "సరే అయితే. ముందు నేనొకటి చేసి చూపిస్తాను. ఎనిమిదే రోజులు."

"వద్దండీ" అన్నాడు ప్రూఫ్‌రీడరు. "ఈసారి నేనే చెడగొడతాను."